సముద్రానికి చాంతాడు

బద్వేలు,
2025 సెప్టెంబరు 22.

వేణమ్మకు,

సుందరలక్ష్మి రాయడం. నీ చెవి మిషను ఫోనుకు ఆనితే కీచుమంటుంది. నీకు వినపడేలా నేను అరిస్తే కింద మా కొట్టులో పగ్గాలు కొనడానికి వచ్చినవాళ్లందరూ వింటారు, నీకు మాత్రం వినపడదు. వాట్సప్‌లో పెడదామంటే కోడలు శ్రీదేవి ముందు తాను చదివి, తప్పులు దిద్ది, ఆ తర్వాత పంపుతుంది. అందుకే కవరు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మీ అన్నకు అసలు తెలియకూడదు.

పోయిన వారం కడపలో ఎముకల డాక్టరు నా మోకాళ్ల ఎక్స్‌రేలు వెలుగుకు పెట్టి చూసి, రెండూ మార్చాలన్నాడు. "కొత్తవి పెడతాం, మార్చిలో రండి" అన్నాడు. మీ అన్న ఊరుకుంటాడా? "గ్యారంటీ ఎన్నేండ్లు సార్? ఒకేసారి రెండు తీసుకుంటాండాం కదా" అని అడిగాడు. డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేదు. నా మనసు ఇంకెక్కడో ఉంది.

మా అమ్మ ఇచ్చిన ఈ మోకాళ్లతోనే ఒక్కసారి సముద్రంలో మోకాళ్లలోతు నిలబడాలి వేణమ్మా. కొత్తవాటికి సముద్రం సంగతి ఏం తెలుసు? మాట ఇచ్చింది వీటికి. ఇచ్చి నలభై ఒక్క ఏళ్లయింది.

ఇచ్చింది నువ్వే, గుర్తులేదనకు. ప్రొద్దుటూరులో మీ మిద్దె మీద వడియాలకు కాపలా కూర్చుని, "మా అన్నను చేసుకోవే. నెల్లూరు పోయి సముద్రంలో ఈతాడి వచ్చినాడు. నిన్ను కూడా తీసుకపోతాడు" అన్నావు. అప్పటికి నాకు మైదుకూరులో నూనె మిల్లు సంబంధం ఖాయమయ్యేలా ఉంది. నూనె మిల్లు వదులుకుని సముద్రానికి ఒప్పుకున్నాను. చూస్తే ఇక్కడ తాళ్ల కొట్టు.

తర్వాత జరిగింది నీకు తెలిసిందే, అయినా రాస్తాను, రాస్తే కోపం తగ్గుతుంది. సముద్రాన్ని అమావాస్య, పున్నమి లాంటి పర్వదినాల్లో తప్ప తాకకూడదట, తాకితే దోషమట. మీ నాయన చెప్పాడు, మీ అన్న పట్టుకున్నాడు. సరే, అమావాస్యకు పోదామంటే కొట్టు ముందు దిష్టి గుమ్మడికాయ కొట్టాలి. పున్నమికి పోదామంటే కొట్టులో సత్యనారాయణ వ్రతం. రెండూ యజమాని చేతుల మీదే జరగాలి. కొడుకు ప్రదీప్‌కుమార్‌కు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఒక గుమ్మడికాయ పగలగొట్టలేడా అంటే, "నా చెయ్యి ఆడినంత కాలం నా చెయ్యే" అంటాడు. అంటే సముద్రాన్ని ముట్టుకోదగిన రోజుల్లో కొట్టు వదలకూడదు, కొట్టు వదలగలిగిన రోజుల్లో సముద్రాన్ని ముట్టుకోకూడదు. లెక్క వేస్తే వెయ్యి పర్వదినాలు దాటాయి. నిన్న కూడా అమావాస్యే. గుమ్మడికాయ ముక్కలు నేనే ఊడ్చాను.

కార్తీక పున్నమికి ఏదైనా ఉపాయం చెయ్యి. సంబంధం కుదిర్చినదానివి, సముద్రం కూడా కుదుర్చు.

నీ వదిన, అంతకన్నా ముందు నీ పక్క బెంచీ,
సుందరలక్ష్మి

*

కర్నూలు,
అక్టోబరు 9.

వదినకు,

కవరు చూసి భయపడ్డాను. ఈ కాలంలో కవరు వస్తే ఆదాయపన్ను వాళ్లదో, ఇన్సూరెన్సు వాళ్లదో అయి ఉంటుంది. నీ చేతిరాత పదో తరగతిలో ఎలా ఉండేదో అలాగే ఉంది, పైకి ఎక్కుతూ పోతుంది.

నీకు చెప్పాలో వద్దో తెలియక ఊరుకున్నాను. దసరా సెలవులకు సుచరిత మమ్మల్ని విశాఖపట్నం తీసుకుపోయింది. "అమ్మా, రోజూ ఆ నీళ్ల టాంకరు దగ్గర కొట్లాట తప్ప నువ్వేం చూసినావు" అని బలవంతం చేసింది. అవును, నేను సముద్రం చూశాను. తిట్టుకో.

మొదట నాకు తోచిందేమిటో చెప్పనా? అన్ని నీళ్లు ఉన్నాయి, ఒక్కరి చేతిలోనూ బిందె లేదు. క్యూ లేదు, పోట్లాట లేదు. మా వీధివాళ్లను తెచ్చి అక్కడ వదిలితే ఏం చేయాలో తెలియక వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. రెండోది, ఒడ్డు మీద ఒక జలాంతర్గామిని ఎక్కించి పెట్టారు, టికెట్టు కొని లోపలికి పోయి చూశాం. నీళ్లలో ఉండాల్సింది ఒడ్డున ఉంది, ఒడ్డున ఉండాల్సిన మనుషులు నీళ్లలో ఉన్నారు. ఉన్నవాళ్లు కూడా సముద్రాన్ని చూడటం లేదు. అందరూ దానికి వీపు చూపి, ఫోను ఎత్తి, తమను తామే చూసుకుంటున్నారు. పార్కులో తెల్ల బూట్లవాళ్లు చెవుల్లో పాటలు దూర్చుకుని, ఎవరో తరుముతున్నట్టు నడుస్తున్నారు. మా ఆయన ఒక బెంచీ మీద కూర్చుని కునుకు తీశాడు. కునుకు ఇంట్లో కూడా తీయవచ్చు కదా అంటే, "ఈడ గాలి బాగుండాది" అన్నాడు.

నేను పాదాలు తడుపుకున్నాను. ఏ తిథో చూడలేదు. మూడు పుల్ల మామిడికాయ ముక్కలు తిని పళ్లు పులియడం తప్ప నాకు ఏ దోషమూ తగల్లేదు. ఒక్క సంగతి చెబుతాను. నాకు మనుషుల మాటలు సగమే వినపడతాయి కదా. సముద్రం పూర్తిగా వినపడింది. మిషను తీసి చేతిలో పెట్టుకున్నా వినపడింది. నువ్వు పక్కన ఉంటే బాగుండునని అనిపించింది. నిజంగానే అనిపించింది.

ఇక మా అన్న ఈత సంగతి. నలభై ఏళ్ల కిందటి మాట, అప్పుడు నేను ఏమన్నానో ఇప్పుడు ఎవరికి గుర్తు? చెవిటిదాన్ని, ఏదో విని ఏదో చెప్పి ఉంటాను. కార్తీక పున్నమి నవంబరు ఐదున. నువ్వే గట్టిగా అడుగు. నన్ను మాత్రం మధ్యలోకి లాగకు.

వేణి

*

బద్వేలు,
నవంబరు 8.

వేణమ్మకు,

చెవిటిదాన్నట! మిద్దె మీద కాకి వాలితే కింద వంటింట్లోంచి వినేదానివి ఆ రోజుల్లో. నీకు చెవుడు వచ్చి ఆరేళ్లు కాలేదు, దాన్ని నలభై ఏళ్లు వెనక్కి జరపకు.

కార్తీక పున్నమికి గట్టిగానే అడిగాను. అడిగిన మరునాడే కొట్టులో సామూహిక వ్రతం పెట్టించాడు. ఎప్పుడూ ఇంటివాళ్లమే చేసుకునేది, ఈసారి పదకొండు జంటలు. ప్రసాదం రవ్వ నేను నిలబడి వేయించాను, ఈ మోకాళ్లతోనే. అయ్యవారు కథలో వ్యాపారి పడవ మునిగే ఘట్టం చెబుతుంటే మీ అన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. భక్తి అనుకున్నారు అందరూ.

కానీ విను. మా వర్తక సంఘం వాళ్లు ఏటా ఒంటిమిట్టకో మహానందికో బస్సు వేస్తారు కదా. ఈసారి ఆడవాళ్లమంతా కూడి సముద్రం కావాలన్నాం. నెల్లూరు దగ్గర మైపాడు ఖాయమైంది! తేదీ డిసెంబరు 14, ఆదివారం. తేదీ పెట్టింది ఎవరనుకున్నావు? మీ అన్నే. నేను నమ్మలేక రెండుసార్లు అడిగాను. "నేనే పెట్టినా. చూపిస్తానంటి కదా, చూపిస్తా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నలభై ఏళ్ల కోపం సగానికి పైగా పోయింది. పాత నేత చీర ఒకటి తీసి ఉతికాను. పట్టుచీర ఉప్పునీళ్లకు పాడవుతుందట, శ్రీదేవి ఫోనులో చూసి చెప్పింది.

నీ మొహం ఇప్పుడు ఎలా ఉందో చూడాలని ఉంది.

సుందరలక్ష్మి

*

బద్వేలు,
డిసెంబరు 5.

చి. సౌ. కృష్ణవేణికి,

అన్న రామసుబ్బయ్య ఆశీర్వదించి రాయడం. ఇక్కడ అందరం క్షేమం. వ్యాపారం నైలాను తాళ్ల మీద నడుస్తోంది. బావులు పోయి బోర్లు వచ్చాక చాంతాళ్లు అడిగేవాడు లేడు. నాయన కాలం నాటి కొబ్బరిపీచు చాంతాడు ఒక్కటి మాత్రం అటక మీద ఉంచుకున్నాను, ఎందుకో పారేయ బుద్ధి పుట్టలేదు.

విషయం ఏమంటే, మీ వదిన నీకు కవర్లు పంపుతోందని పోస్టుమ్యాన్ బసవన్న చెప్పాడు. ఆ పంచె సంగతి నువ్వు రాయలేదు కదా?

నేను ఆ సంగతి నీతో తప్ప ఎవరితోనూ అనలేదు. ఇరవై రెండేళ్ల వయసులో నాయన కొబ్బరిపీచు బేరానికి నెల్లూరు పంపితే, స్నేహితులతో కలిసి సముద్రానికి పోయాను. అల వచ్చి కాళ్లు లాగింది. పైనేదో కిందేదో తెలియలేదు. నోట్లో ఇసుక. చేపలు పట్టే పల్లెకారు ఒకాయన నా జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. లేచి చూసుకుంటే ఒంటి మీద పంచె లేదు. ఆ మహానుభావుడే పాత లుంగీ ఇచ్చాడు, అది కట్టుకుని ఇంటికి వచ్చాను. నాయనకు పంచె బస్సులో పోయిందని చెప్పాను. నిన్ను నమ్మి నీకు నిజం చెబితే, నువ్వు దాన్ని ఈత అని మార్చి సంబంధం కుదిర్చావు. అబద్ధం నీది, మోస్తున్నది నేను.

ఈ 14వ తేదీ దశమి. అందుకే ఆ తేదీ పెట్టించాను. మీ వదిన చూస్తుంది, కానీ తాకదు. చూపించాననే మాట నాకు దక్కుతుంది, ఆమె ఒడ్డునే ఉంటుంది. నా భయం నా గురించి కాదు, ఆమె గురించే అని రాద్దామనుకున్నాను. అది సగమే నిజం. ఆ నీళ్లు తలచుకుంటే ఇప్పటికీ స్నానాల గదిలో తల మీద చెంబుడు పోసుకోవడానికి ఊపిరి బిగబడతాను.

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

ఆశీస్సులతో,
రామసుబ్బయ్య

*

బద్వేలు,
డిసెంబరు 16.

వేణమ్మకు,

పోయాం, వచ్చాం. నా పాదాలు పోయినప్పుడు ఎంత పొడిగా ఉన్నాయో వచ్చినప్పుడూ అంతే పొడిగా ఉన్నాయి.

బస్సులో నలభై ఆరు మందిమి, రెండు డ్రమ్ముల పులిహోర, ఇరవై క్యాన్ల నీళ్లు. సముద్రానికి పోతూ నీళ్లు మోసుకుపోయింది మా ఊరివాళ్లే అయి ఉంటారు. సరుగుడు తోపు దాటగానే బస్సు ఆగింది. దిగగానే మా సంఘం పెద్దమనిషి ఒకాయన టికెట్లు ఎక్కడ ఇస్తారని వెతికాడు. టికెట్టు లేదంటే నమ్మలేదు. "ఇంత పెద్దది ఊరికే చూడనిస్తారా, యాడో ఒక చోట వసూలు చేస్తారులే" అని సాయంత్రం దాకా అనుమానంగానే తిరిగాడు.

తోపు అంచు దాటాక కనపడింది. ఎంత ఉందో రాయడానికి నా దగ్గర మాట లేదు, ఉన్నా నీకు తెలుసు కదా, నువ్వు చూశావు. చెప్పులు చేత్తో పట్టుకుని గబగబా నడుస్తున్నాను, వెనక నుంచి మీ అన్న గొంతు వినపడింది.

"లక్ష్మీ, ఆగు. ఈ పొద్దు దశమి. ముట్టుకోగూడదు."

నేను తిరిగి చూశాను. ఆయన బస్సు మెట్టు మీదే ఉన్నాడు.

"అయ్యవారి పెండ్లామే నడుముల్లోతు నీళ్లల్లో ఉండాది, చూడండి. ఆమెకు లేని దశమి నాకెందుకు?"

"ఆమె దోషం ఆమెకు. మనింటి పద్ధతి మనది. నిలబడి చూసి రా."

అంత మంది ముందర ఇంకేం అనను? నిలబడి చూశాను. పది అడుగుల దూరంలో, దర్శనం క్యూలో నిలబడినట్టు. అప్పుడు జరిగింది చెబితే నవ్వుతావు. అల ఒకటి నా కాళ్లకు జానెడు దూరం దాకా వచ్చి పోయింది. తర్వాతది ఇంకా పెద్దది. సముద్రమే నన్ను తాకడానికి వస్తోంది, నేను పరుగెత్తాను. వేణమ్మా, ఈ మోకాళ్లతో పరుగెత్తాను! డాక్టరు చూసి ఉంటే ఆపరేషను అక్కర్లేదనేవాడు. నలభై ఒక్క ఏళ్లు దేనికోసం ఎదురుచూశానో, అది ఎదురొస్తే పారిపోయాను, దశమి అని.

తిరిగి బస్సు దగ్గరికి వస్తే మీ అన్న పులిహోరకు కాపలా అని లోపలే కూర్చున్నాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బయట అంత చల్లగాలి, ఆయన జుబ్బా చెమటకు తడిసిపోయింది. ఒంట్లో బాగాలేదా అంటే తల అడ్డంగా ఊపాడు. నాకు ఏదో అనుమానం వచ్చింది, కానీ కోపంలో అడగలేదు.

వచ్చే దారిలో ఏడ్చాను. శ్రీదేవి అడిగితే కంట్లో ఇసుక పడిందన్నాను. ఇక నేను ఎవరినీ ఏమీ అడగను. మార్చిలో కొత్త మోకాళ్లు పెట్టించుకుని ఇంట్లో మెట్లు ఎక్కుతాను, దిగుతాను.

సుందరలక్ష్మి

*

కర్నూలు,
డిసెంబరు 28.

వదినకు,

కూర్చుని చదువు. చేతికందేంత దూరంలో మా అన్న లేకుండా చూసుకో.

ఈ కవర్లో ఇంకో ఉత్తరం ఉంది. అది అన్న నాకు రాసింది, చించెయ్యమన్నాడు. చించడానికి రెండుసార్లు తీశాను. నీ దశమి ఉత్తరం వచ్చాక చేతులు రాలేదు. ముందు అది చదివి, తర్వాత మళ్లీ ఇక్కడికి రా.

చదివావా? ఇప్పుడు నన్ను తిట్టు. అవును, ఈతాడినాడని చెప్పింది నేనే. నువ్వు మైదుకూరు నూనె మిల్లుకు పోతే నాకు ఇక కనపడవని దిగులు పట్టుకుంది. నీకు సముద్రం పిచ్చి అని తెలుసు, బడిలో సోషలు పుస్తకంలో పటం మీద నీలం రంగంతా వేలితో రుద్ది రుద్ది కాగితం చినిగేలా చేశావు. అన్నకు జరిగిందాన్ని కాస్త మార్చి చెప్పాను. పెళ్లయ్యాక ఒకసారి తీసుకుపోతాడు, అంతటితో సరిపోతుందనుకున్నాను. ఆయన భయం ఇంత కాలం ఉంటుందని నాకేం తెలుసు? తెలిశాక చెప్పడానికి మొహం చెల్లలేదు. తప్పు నాదే. నీ స్నేహం కోసం నీకే అబద్ధం చెప్పాను.

సరే, ఏడుపు చాలు. నువ్వు ఎవరినీ ఏమీ అడగనని రాశావు. అడగవద్దు. పంచాంగం తియ్యి. మార్చి 3, మంగళవారం, ఫాల్గుణ పున్నమి. ఆ రోజు చంద్రగ్రహణం. గ్రహణం పూట వ్రతం చేయకూడదు, కాబట్టి ఆ సాకు పోయింది. గ్రహణం రోజు మన కొట్టు తలుపు తియ్యకూడదని మా తాత పెట్టిన నియమం నీకు తెలుసు కదా, ఆ పూట తాడు అమ్మితే యముడికి పాశం అమ్మినట్టని. కాబట్టి కొట్టు సాకు కూడా పోయింది. ఇక దోషమా? గ్రహణ స్నానానికి సముద్రాన్ని మించింది లేదని ఏ అయ్యవారైనా చెబుతాడు. మా అన్న ఏ పద్ధతులను అడ్డం పెట్టుకున్నాడో, అవన్నీ ఆ ఒక్క రోజు నీ వైపు ఉన్నాయి. పైగా సాయంత్రం ఆరున్నర లోపు చంద్రుడు సగం పట్టి ఉండగానే పైకి వస్తాడట, పావు తక్కువ ఏడు దాటగానే విడుపు. నీ ఆపరేషను మార్చి 20 కదా. ఆ మోకాళ్లకు ఇదే ఆఖరి పర్వం.

నన్ను క్షమిస్తావో లేదో రాయి. రాయకపోతే బస్సెక్కి వస్తాను.

వేణి

*

బద్వేలు,
జనవరి 20.

వేణమ్మకు,

నీ మీద కోపంతో మూడు వారాలు రాయలేదు. నువ్వు బస్సెక్కి వస్తావేమోనని భయపడి ఇప్పుడు రాస్తున్నాను.

నూనె మిల్లు సంగతి క్షమించాను. ఆ మిల్లువాడికి ముప్పై ఏళ్లకే బట్టతల వచ్చిందని విన్నాను. మీ అన్నను మాత్రం అంత సులభంగా వదలలేకపోతున్నాను. భయమని ఒక్క మాట చెబితే నేను నవ్వేదాన్నా? నవ్వేదాన్ని. రెండు రోజులు నవ్వి, మూడో రోజు చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని. దానికి వెయ్యి పర్వదినాలు ఎందుకు? మొన్న అమావాస్యకు గుమ్మడికాయ కొడుతుంటే వెనక నిలబడి చూశాను. కర్పూరం వెలిగించి, కాయను తల చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎంత జోరుగా కొట్టాడో. ఈ మనిషా చెంబుడు నీళ్లకు ఊపిరి బిగబట్టేది అనుకున్నాను. కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

ఉత్తరం చదివానని ఆయనకు చెప్పలేదు. గ్రహణం మాట ఒక్కటే అన్నాను. పంచాంగం చూపించాను.

"గ్రహణమే కాని, మనకు కనపడదేమో" అన్నాడు.

"కనపడతాది. పట్టి ఉండంగానే పుడతాడంట."

"కొట్టు..."

"గ్రహణం పూట తాడు అమ్మకూడదు కదండీ."

"ప్రదీప్‌కు కారు..."

"వాడే తోలుతాడు. అడిగినా."

మూడు రోజులు పంచాంగం ముందుకీ వెనక్కీ తిరగేశాడు. నాలుగో రోజు పక్క వీధి అయ్యవారి పంచాంగం తెచ్చి అదీ చూశాడు. రెండింట్లోనూ గ్రహణం అదే రోజు. ఐదో రోజు నా దగ్గరికి వచ్చి, "నీళ్లల్లో యాడిదాకా పోవాలనుకుంటాండావు?" అని అడిగాడు. మోకాళ్ల దాకా అన్నాను. "మోకాలంటే మోకాలే" అన్నాడు. బేరం కుదిరింది.

నువ్వు రావద్దు. నువ్వుంటే ఇద్దరం కలిసి నిన్ను తిట్టడంతోనే గ్రహణం విడిచిపోతుంది.

సుందరలక్ష్మి

*

బద్వేలు,
మార్చి 6.

నా వేణమ్మకు,

ఇది పడుకుని రాస్తున్నాను. ఒళ్లంతా నొప్పులు. ఈ నొప్పులకు నేను మందు వేసుకోను.

మధ్యాహ్నం ఏమీ తినకుండా బయలుదేరాం. ప్రదీప్ ఆకలికి దారి పొడుగునా హోటళ్ల బోర్డులు చదువుతూ కారు నడిపాడు. మీ అన్న వెనక సీట్లో, ఒళ్లో ఒక గోనెసంచి పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఏముందని అడిగితే బట్టలన్నాడు. ఒడ్డుకు చేరేసరికి ఐదున్నర. గ్రహణ స్నానానికి జనం బాగానే వచ్చారు. జపం చేసుకునేవాళ్లు కొందరు, బజ్జీలు ఎందుకు వేయడం లేదని బండివాడితో గొడవపడేవాళ్లు కొందరు. బండివాడు, "గ్రహణం విడిచినాక వేస్తాను సామీ, అప్పటిదాకా సముద్రం చూడండి" అంటున్నాడు.

మీ అన్న సంచి విప్పాడు. చాంతాడు. అటక మీది కొబ్బరిపీచు చాంతాడు, బావికి వేసేది. ఒక కొస నా నడుముకు చుట్టి ముడి వేశాడు. ఆయన ముళ్లు నీకు తెలుసు కదా, ఎద్దు లాగినా ఊడవు.

"ఏమండీ, ఇంత మందిలో గొడ్డును కట్టినట్టు కట్టినారే!"

"గొడ్డు నా మాట ఇంటాది. నువ్వు ఇనవు."

రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు, పంచె మీద నుంచి బిగించి మూడు చుట్లు. అది చూసి నేను, "నేను కొట్టుకుపోతే మీరూ వస్తారు కదా" అన్నాను.

"అందుకే కట్టుకున్నా" అన్నాడు, నా వైపు చూడకుండా.

వేణమ్మా, అంత కోపమూ ఎక్కడికి పోయిందో తెలియలేదు. చుట్టూ కుర్రకారు ఫోనులు ఎత్తి మమ్మల్ని తీస్తున్నారు. తీసుకోండి అనుకున్నాను.

మీ అన్న పొడి ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుని, మడమలు ఇసుకలో గుచ్చి, తాడు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను నడిచాను. మొదటి అల పాదాల మీదికి వచ్చింది. చల్లగా ఉంటుందనుకున్నాను, గోరువెచ్చగా ఉంది. వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది, నిలబడిన నేలే కదిలిపోతుంది. ఆ క్షణం మీ అన్న భయం నాకు అర్థమైంది. అయినా పోయాను. పిక్కలదాకా, మోకాళ్లదాకా. ఈ పాత మోకాళ్లు, మెట్లు ఎక్కనంటాయి, పూజలో కూర్చోనంటాయి, అక్కడ మాత్రం నిలబడ్డాయి. నేను గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఏడ్చాను కూడా, అక్కడ ఇసుక పడిందని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అప్పుడే జనం అరిచారు. నీళ్ల అంచున చంద్రుడు వస్తున్నాడు. ఎవరో ఒక పక్క కొరికి వదిలిన అప్పచ్చిలా, ఎర్రగా ఉన్నాడు. మీ అన్న చూడాలి కదా అని వెనక్కి తిరిగితే, ఆయన కళ్లు ఇంకా గట్టిగా మూసుకునే ఉన్నాయి. అంత మంది కేకల్లో నా పిలుపు వినపడదు. అందుకని తాడు లాగాను. చూడండి అని లాగాను, అంతే.

ఆయన మరొకటి అనుకున్నాడు. లేచిన మనిషి లేచినట్టే నీళ్లలోకి దూకాడు. "లక్ష్మీ!" అని అరుస్తూ, అలకు ఎదురుగా, చేతులతో నీళ్లను కొట్టుకుంటూ వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. వచ్చిన ఊపుకు ఇద్దరం ఇంకా నాలుగడుగులు ముందుకు పోయాం. మోకాళ్ల బేరం పోయింది, నడుముల్లోతు.

"మునిగినావా? నీళ్లు మింగినావా?"

"లేదండీ. చంద్రున్ని చూడమని లాగినా."

నోరు తెరిచి నన్ను తిట్టబోయాడు. అప్పుడు కిందికి చూసుకున్నాడు. తాను ఎక్కడ నిలబడ్డాడో అప్పుడే తెలిసింది. మొహం తెల్లబోయింది. వేళ్లు నా భుజాల్లో దిగిపోయాయి. అల వచ్చింది, ఊపిరి బిగబట్టాడు. పోయింది. ఇంకోటి వచ్చింది.

"ఇది ఎప్పుడు నిలుస్తాది?" అని అడిగాడు.

"అల నిలవదండీ. మనమే నిలవాల."

పోదామంటాడనుకున్నాను. అనలేదు. గడియారం చూసుకున్నాడు. "విడుపుకు ఇంకా పదహైదు నిమిషాలు ఉండాది. వచ్చినందుకు స్నానం చేసే పోదాం" అన్నాడు. అంతసేపూ నా చెయ్యి వదల్లేదు. చంద్రుడు కొంచెం కొంచెం నిండుతుంటే ఇద్దరం అక్కడే నిలబడ్డాం. విడవగానే మూడు మునకలు వేశాం. మూడోదానికి ఆయన కళ్లు తెరిచే మునిగాడు. లేచి, "ఉప్పు" అన్నాడు. ఏదో కొత్తగా కనిపెట్టినట్టు.

ఒడ్డున బజ్జీలు తింటూ చెప్పాను, ఆయన నీకు రాసిన ఉత్తరం చదివానని. చేతిలోని బజ్జీ పూర్తిగా తిన్నాడు. "అయితే పంచె సంగతి తెలుసునా" అన్నాడు చివరికి. తెలుసునన్నాను. ఇంకో ప్లేటు తెప్పించుకున్నాడు.

నీ మీద నాకు ఇక బాకీ కోపం ఏమీ లేదు. సముద్రం కుదిర్చావు, కాకపోతే కాస్త ఆలస్యమైంది.

సుందరలక్ష్మి

*

బద్వేలు,
మార్చి 9.

చి. సౌ. కృష్ణవేణికి,

అన్న ఆశీర్వదించి రాయడం. క్షేమం. కార్డు చాలు, దాచడానికి ఇక ఏమీ మిగల్చలేదు నువ్వు. చించెయ్యమన్న ఉత్తరాన్ని ఆమెకు పంపినందుకు నిన్ను ఏమనాలో ఇంకా ఆలోచిస్తున్నాను, ఆలోచించి ఆపరేషను తర్వాత రాస్తాను.

చాంతాడు ఉప్పునీళ్లకు బిరుసెక్కింది. మిద్దె మీద ఆరేశాను. దాన్ని అమ్మను.

డాక్టరును అడిగాను, కొత్త మోకాళ్లను సముద్రంలో తడపవచ్చునా అని. ఆరు నెలలు ఆగమన్నాడు. సెప్టెంబరు 26 పున్నమి, శనివారం వచ్చింది. ఆ రోజు వ్రతం ప్రదీప్ చేసుకుంటాడు.

అసలు సంగతి రాయడం మరిచాను. ఈసారి పంచె పోలేదు.

రామసుబ్బయ్య